400 డాలర్ల పిస్టల్‌కి 400 డాలర్లు చాలవు

ప్రశ్న: ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. డల్లాస్ పక్కన ఉంటున్నాం. బంధువుల గ్యాస్ స్టేషన్‌లో వారానికి మూడు రాత్రులు కౌంటర్ చూసుకుంటాను. పన్నెండింటికి మూసేసి ఒక్కడినే కారు దాకా నడవాలి. చొక్కా కింద కనపడకుండా పెట్టుకునే చిన్న పిస్టల్, 400 డాలర్ల లోపు ఏది మంచిది? ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు.

జవాబు:

2019లో నేనూ అచ్చం ఇలాగే షాపుకి వెళ్ళానండి. 400 డాలర్లు చేతిలో పట్టుకుని, ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది, తేలికైనది ఇవ్వమన్నాను. ఇచ్చాడు. ఆరు నెలలు తిరక్కుండానే అయినకాడికి అమ్మేసుకున్నాను.

అది .380 క్యాలిబర్, అంటే తూటా సైజు. అరచేతిలో ఇమిడిపోతుంది, ఖాళీగా ఉంటే పావుకిలో పైచిలుకు బరువు. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు దానిది కాదు. షాపు కౌంటర్ మీద చూస్తే ముద్దొచ్చింది. ఆదివారం రేంజ్‌కి, అంటే కాల్చడం ప్రాక్టీసు చేసే చోటికి, తీసుకెళ్ళి పిడిలో తూటాలు పేర్చే మ్యాగజీన్ ఒక్కటి ఖాళీ చేసేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది. పిడి మీద రెండు వేళ్ళకే చోటు, చిటికెన వేలు గాల్లో వేలాడుతోంది. ఏడు గజాల దూరంలో కాగితం పెట్టి ఆరు రౌండ్లు (తూటాలు) కాలిస్తే నాలుగు తగిలాయి, ఆ నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి. రెండో మ్యాగజీన్‌లో పేలిన తూటా ఖాళీ గొట్టం బయటికి ఎగరకుండా, గన్ పైన వెనక్కీ ముందుకీ జరిగే స్లైడ్ సందులో నిటారుగా ఇరుక్కుంది. అక్కడి రేంజ్ ఆఫీసర్ వచ్చి చూసి, "గన్ బాగానే ఉంది, నీ మణికట్టే వదులు" అన్నాడు.

ఆయన చెప్పాకే అర్థమైంది. ఒక రౌండ్ పేలాక స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళి, ఖాళీ గొట్టాన్ని విసిరేసి, కొత్తదాన్ని పట్టుకుని ముందుకు రావాలి. స్లైడ్ అంత దూరం వెళ్ళాలంటే పిడి మాత్రం కదలకుండా నిలబడాలి. బరువున్న గన్ అయితే సగం పని ఆ బరువే చేసిపెడుతుంది. తేలికది అయితే మొత్తం మన చెయ్యే చెయ్యాలి. అంటే కొత్తగా నేర్చుకునేవాడి చేతికి అన్నిటికన్నా కష్టమైనది అన్నిటికన్నా చిన్న పిస్టలే. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పైగా .380 రౌండ్లు ఎక్కువమంది వాడే 9 ఎంఎం రౌండ్ల కన్నా ఖరీదు. నొప్పీ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే కాబట్టి ప్రాక్టీసు మానేశాను. 50 రౌండ్ల డబ్బాలో 20 ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

గన్‌ల సంగతిలోకి వెళ్ళే ముందు మనవాళ్ళు తరచు కాలు జారే చోటు ఒకటి చెప్తాను. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మీరు కొనొచ్చు. షాపులో 4473 ఫారం నింపుతారు, అందులో మీ ఏలియన్ నంబరు కూడా అడుగుతారు, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్. షాపులో పిస్టల్ కొనాలంటే 21 నిండాలి. కానీ హెచ్1బీ మీదో ఎఫ్1 మీదో ఉన్న మీ బావమరిదికి ఫెడరల్ చట్టం ప్రకారం గన్ గానీ రౌండ్లు గానీ దగ్గర పెట్టుకోవడం నిషేధం. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఉన్నట్టు కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి లాయర్‌ని అడిగి తెలుసుకోవాలి గానీ వాట్సాప్ గ్రూపులో కాదు. "నీ పేరు మీద నాకోటి కొనిపెట్టు అన్నయ్యా" అని ఎవరైనా అడిగితే మొహమాటపడకండి. 2022లో వచ్చిన చట్టంలో ఇలాంటి కొనుగోలుకి 15 ఏళ్ళ దాకా జైలు ఉంది. చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల్ని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్ళి చేతిలో పెట్టడం కూడా ఈ నిషేధం కిందకే రావచ్చు.

ఇక డబ్బు. 400 మొత్తం గన్ మీదే పెడితే ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో దాచుకోవాల్సిందే. టెక్సస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం దాకా పడుతుంది. గన్‌ని నడుముకి పట్టి ఉంచే మంచి హోల్‌స్టర్‌కి 50 నుంచి 70, గట్టి బెల్టుకి ఇంకో 40, పిల్లలున్న ఇల్లు కాబట్టి తాళం పెట్టె 40 పైనే, చెవులకీ కళ్ళకీ రక్షణ, కనీసం మూడు వందల రౌండ్లు, రేంజ్ ఫీజు. నా లెక్కలో గన్‌కి ఎంత పెడతారో మిగతావాటికీ దాదాపు అంతే. కాబట్టి మీ బడ్జెట్ నిజంగా 400 అయితే గన్‌కి 200 మించి మిగలదు. ఇంకో రెండు నెలలు ఆగి 550 చేసుకోగలిగితే 300 లోపు గన్ చూడొచ్చు.

ఆ ధరకి మంచివి దొరుకుతాయా అంటే, ఇప్పుడు దొరుకుతాయి. కారణం ఏమిటంటే, ఒకప్పుడు నడుముకి సన్నగా ఉండే పిస్టల్ అంటే రౌండ్లు ఒకే వరసలో ఉండేవి, అందుకే తక్కువ పట్టేవి. 2012లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ 9 ఎంఎంలో 7 లేదా 8 రౌండ్లు, 2015 నాటి గ్లాక్ 43లో 6. 2018లో సిగ్ కంపెనీవాళ్ళు పీ365 తెచ్చి అంతే సైజులో 10 పట్టించారు. కింద రెండు వరసలుగా ఉండి పైకి వచ్చేసరికి ఒక్కటిగా సన్నబడే మ్యాగజీన్ అది. మరుసటి ఏడాది స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్ 11తో వచ్చింది. 2021లో షీల్డ్ ప్లస్ 10, 13 రౌండ్ల మ్యాగజీన్లతో దిగింది. కొత్త ఫోన్ రాగానే పాతది అమ్మేసినట్టు జనం పాత షీల్డ్‌లు తెచ్చి షాపుల్లో పడేశారు. అలా వచ్చిన పాత షీల్డ్, నా దృష్టిలో, తక్కువ డబ్బున్నవాడికి అన్నిటికన్నా మంచి బేరం. బయట గీతలున్నా లోపల ఎక్కువమంది రెండు మూడు వందల రౌండ్లకి మించి కాల్చి ఉండరు.

కొత్తదే కావాలంటే టారస్ జీ3సీ చూడండి. 12 రౌండ్లు, 3.2 అంగుళాల బ్యారెల్, 620 గ్రాముల చిల్లర బరువు. ట్రిగ్గర్ కాస్త దూరం వెనక్కి రావాలి, ఒక డబ్బా కాలిస్తే అలవాటవుతుంది. పిడి నిండుగా చేతికి వస్తుంది. రూగర్ ఈసీ9ఎస్ ఇంకా సన్నం, 7 రౌండ్లు. ధర తక్కువే గానీ చేతికి మళ్ళీ చిన్నదే అనిపించింది నాకు. పీ365, గ్లాక్ 43ఎక్స్ మీ బడ్జెట్ దాటిపోతాయి. ఎవరైనా వాటి గొప్పలు చెప్తే వినండి, నిజమే చెప్తున్నారు, కానీ అది మీ జేబుకి సంబంధించిన నిజం కాదు.

నేనైతే రెండోసారి బుద్ధి తెచ్చుకుని, కొనకుండా రేంజ్‌లో అద్దెకి తీసుకున్నాను. ఒక్కోదానికి పది పదిహేను డాలర్లు. ఒకే మధ్యాహ్నం మూడు కాల్చాను. మూడు కాగితాలూ ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచి, "ఏది బాగుంది?" అని మా ఆవిడని అడిగాను. ఏది ఏ గన్నుదో తనకి తెలియదు. చిల్లులన్నీ గుప్పెట్లో పట్టేంత దగ్గరగా ఉన్నదాన్ని చూపించింది. అది షీల్డ్. వాడినది 280కి దొరికింది, నేటికీ అదే నడుముకి ఉంది.

మీ ఆవిడ కూడా నేర్చుకుంటానంటే మాత్రం ఇదే కొనేయకండి. మా ఆవిడకి ఆ స్లైడ్ లాగడం రాలేదు, రెండు చేతులూ వణికాయి. చిన్న పిస్టళ్ళ స్ప్రింగ్ బిగువు ఎక్కువ మరి. స్లైడ్ తేలిగ్గా వచ్చేలా చేసిన షీల్డ్ ఈజెడ్ అని 2018లో .380లో వచ్చింది, తనకి అది సరిపోయింది. .380ని ఇందాక తిట్టానుగా, కొంచెం పెద్ద పిస్టల్‌లో పెడితే అదే క్యాలిబర్ ఎంత మెత్తగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

హోల్‌స్టర్ దగ్గర పిసినారితనం వద్దు. పది డాలర్ల గుడ్డ సంచీల్లాంటివి దొరుకుతాయి, గన్ తీయగానే మూతి ముడుచుకుపోతాయి. తిరిగి పెట్టేటప్పుడు ఆ ముడత గానీ చొక్కా అంచు గానీ ట్రిగ్గర్‌లో దూరితే గన్ మీ తొడ వైపు చూస్తూ పేలుతుంది. మీ మోడల్‌కే అచ్చు పోసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్ కొనండి. ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసుకోవాలి, తలకిందులుగా ఊపినా గన్ జారకూడదు. దానికి తగ్గ బెల్టు లేకపోతే అరకిలో బరువుకి ప్యాంటు ఒక పక్కకి దిగిపోయి, నిమిషానికోసారి పైకి లాక్కుంటూ కనిపిస్తారు. దాచిన సంగతి అక్కడే బయటపడిపోతుంది. అన్నట్టు, ఇంట్లో లుంగీ కట్టుకునే అలవాటుంటే లుంగీ మీద ఏ హోల్‌స్టరూ నిలవదు, నేను ప్రయత్నించే చెప్తున్నాను. ఇంట్లోకి రాగానే పెట్టెలో పెట్టి తాళం వేసేయండి. పిల్లలకి అందేలా గన్ వదిలేయడం టెక్సస్‌లో నేరం కూడా.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 దాటిన అర్హులు లైసెన్స్ లేకుండానే పెట్టుకు తిరగొచ్చు. అయినా లైసెన్స్ తీసుకోమనే అంటాను. ఫీజు 40 డాలర్లు, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, 3, 7, 15 గజాల నుంచి 50 రౌండ్ల పరీక్ష, 250కి 175 వస్తే పాస్. బడికి వెయ్యి అడుగుల లోపు గన్ ఉండకూడదనే ఫెడరల్ చట్టంలో రాష్ట్ర లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, పిల్లల్ని దింపడానికి వెళ్ళే మనలాంటివాళ్ళకి లైసెన్స్ తీసుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు. వేరే రాష్ట్రాలు చాలా ఆ లైసెన్స్‌ని గుర్తిస్తాయి. గుమ్మాల మీద గన్ తేవద్దనే 30.05, 30.06, 30.07 బోర్డులు (అవి టెక్సస్ చట్టంలో సెక్షన్ నంబర్లు), ఆదాయంలో సగానికి పైగా మద్యం మీదే వచ్చే బార్ల దగ్గర ఎర్ర అక్షరాల 51 శాతం బోర్డు ఏమంటాయో క్లాసులో వివరంగా చెప్తారు. మేం వెళ్ళే గుడికి బోర్డుంది, కాబట్టి గన్ కారులో తాళం పెట్టెలో ఉంటుంది. మీ బంధువుల స్టోర్ అయినా సరే, ఓనర్‌ని ముందే అడగండి.

రాత్రి కౌంటర్ సంగతి నా అభిప్రాయం: ఎవడైనా గల్లాలో డబ్బు అడిగితే తెరిచి ఇచ్చేయండి. 200 డాలర్ల కోసం గన్ తీయకండి. కారు దాకా ఒక్కరే నడవకుండా చూసుకోవడం, పార్కింగ్‌లో లైట్లు బాగుచేయించడం గన్ కన్నా చవక.

మన ఊరు వెళ్ళేటప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఇండియాలో 9 ఎంఎం మామూలు మనిషికి నిషిద్ధ క్యాలిబర్. శంషాబాద్ స్కానర్‌లో బ్యాగు అరలో మరిచిపోయిన ఒక్క రౌండ్ కనపడినా ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కోవాలి. నేను రేంజ్‌కి వాడే బ్యాగుని విమానం ఛాయలకే రానివ్వను. ఒకసారి మా అబ్బాయి స్కూల్ బ్యాగు చినిగిందని, వాడికిద్దామని ఈ రేంజ్ బ్యాగుని ఖాళీ చేస్తుంటే లైనింగ్ లోపల ఒక రౌండ్ చేతికి తగిలింది. చెమటలు పట్టాయి.

రేంజ్‌కి వెళ్ళే మొదటి రోజు మెడ దగ్గర మూసుకునే టీషర్ట్, టోపీ వేసుకెళ్ళండి. పక్కకి ఎగిరిన వేడి గొట్టం కాలర్‌లో పడితే ఎవరికైనా ఎగిరి గంతెయ్యాలనిపిస్తుంది, చేతిలో గన్ ఉంటుంది మరి. కాలినా ఫర్వాలేదు, ముందు వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, గన్ మూతి టార్గెట్ వైపే ఉంచి బల్ల మీద పెట్టండి. చొక్కా దులుపుకోవడం ఆ తర్వాత.