చిత్తూరులో మొదటిసారి గెకో పెంచాలనుకునే తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు మూడు విషయాలు అడిగావు. మొదటి గెకోగా, అంటే పెంపుడు బల్లిగా, ఏది మంచిది, మన ఎండలకు అది బతుకుతుందా, తిరుమల కొండల్లో రాళ్ల సందున చూసిన బంగారు బల్లిని తెచ్చి పెంచుకోవచ్చా అని. ఇంట్లో అవ్వ ఒప్పుకోవడం లేదని కూడా రాశావు. నేను తిరుపతిలో 2019 నుంచి ఒక లెపర్డ్ గెకోను పెంచుతున్నాను. ఊరు మారుతూ ఒక స్నేహితుడు నా చేతిలో పెట్టి వెళ్లాడు. దాని పేరు జొన్న. నాకు తెలిసింది చెప్తాను.

ముందు మూడో ప్రశ్న. బంగారు బల్లిని ముట్టుకోవద్దు. అది తూర్పు కనుమల్లో మాత్రమే ఉండే జీవి. 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయ అధికారి దాన్ని మొదట వర్ణించాడు. ఆ తర్వాత చాలా కాలం ఎవరి కంటా పడలేదు. 1980లలో మళ్లీ మన తిరుమల కొండల్లోనే కనిపించింది. నీళ్లు పారే చోట, నీడ ఉన్న పెద్ద బండల సందుల్లో ఉంటుంది. చాలా ఆడబల్లులు ఒకే బండకు గుడ్లు అతికిస్తాయి. ఏటా అదే చోటికి వస్తాయి. అలాంటి దాన్ని గాజుపెట్టెలో పెడితే ఏం మిగులుతుంది చెప్పు? వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దానికి రక్షణ ఉంది, పట్టుకుంటే కేసు అవుతుంది. తలకోన వైపు వెళ్తే నిదానంగా నిలబడి చూడు. కళ్లతో చూసి వదిలేయడమే దానికి మనం చేసే మేలు.

ఇక పెంచడానికి. లెపర్డ్ గెకో మొదటిసారికి మంచిది. అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ వైపు రాతినేలల జీవి. మన గోడ మీద బల్లిలా వేళ్లకు అతుక్కునే మెత్తలు ఉండవు కాబట్టి గాజు ఎక్కలేదు. పైగా దానికి కనురెప్పలు ఉన్నాయి. రెప్ప వాల్చి నిద్రపోతుంది, నిద్ర లేచి నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. క్రెస్టెడ్ గెకో అనే ఇంకో రకం ఫొటోలు చూసి మోజు పడొద్దు. దానికి 28 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది. మన ఏప్రిల్‌లో ఏసీ ఆగిన రోజు అది బతకదు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను, కొనే ముందు ఊళ్లోని అటవీ శాఖ కార్యాలయంలో అడుగు. ఆ వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, రక్షణ ఉన్న జీవుల జాబితాలు మారాయి, కొన్ని విదేశీ జీవులను నమోదు చేయించాలి. లెపర్డ్ గెకోకు దగ్గరి చుట్టాలు మన తూర్పు కనుమల అడవుల్లోనూ ఉన్నాయి. అడవిలో పట్టినదాన్ని పెట్టెలో పుట్టిందని చెప్పి అమ్మితే నువ్వు పోల్చుకోలేవు. జాతి పేరు, ఎక్కడ పుట్టింది, అమ్మేవాళ్లు రసీదు ఇస్తారా, ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి అడుగు. వాళ్లు వద్దంటే వద్దు.

సరే, ఎండలు. నువ్వు చూసే వీడియోలన్నీ చలిదేశాల వాళ్లవి. వాళ్ల బాధంతా పెట్టెను ఎలా వెచ్చగా ఉంచాలని. మన బాధ చల్లగా ఎలా ఉంచాలని. ఈ తేడా నాకు రెండో ఏడాది మే నెలలో తెలిసింది. మేం పైఅంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం. మిద్దె కింద గది, మధ్యాహ్నం కరెంటు పోయింది, నేను పనిలో ఉన్నాను. మూడింటికి వచ్చి చూస్తే పెట్టెలో థర్మామీటర్ 39 చూపిస్తోంది. జొన్న ఒక మూల నోరు తెరిచి పడి ఉంది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఐసు పెట్టొద్దని మాత్రం గుర్తుంది, ఒక్కసారిగా చల్లబడితే ఇంకా ప్రమాదం. దాన్ని తీసి స్నానాలగదిలో కడప బండ మీద ఉంచి, పక్కన తడిగుడ్డ పరిచి, విసనకర్రతో విసిరాను. అరగంటకు నోరు మూసింది. రెండు రోజులు తినలేదు, మూడో రాత్రి తింది. ఆ మూడు రోజుల టెన్షన్ నీకు రాకూడదనే ఇంత రాస్తున్నాను.

అప్పటి నుంచి పెట్టెను బల్ల మీద నుంచి దించి, ఉత్తరం గదిలో నేల మీద పెట్టాను. లోపల ఒక చివర మందమైన కడప బండ ముక్క, దాని మీద సగం పగిలిన మట్టి కుండ బోర్లా. ఎండాకాలంలో ఆ కుండ పైభాగాన్ని బయటి నుంచి తడుపుతాను. మట్టి తడి పీల్చుకుని, ఆ తడి ఆరే కొద్దీ లోపల చల్లబడుతుంది, తాగేనీటి కుండ లెక్కనే. పెట్టె కింద వేడి ఇచ్చే కరెంటు పరుపు, హీట్ మ్యాట్, ప్లగ్‌ను మార్చి నుంచి జూన్ వరకు తీసేస్తాను. మామూలు రోజుల్లో వెచ్చని చివర నేల 32 డిగ్రీలు, చల్లని చివర 25 దగ్గర ఉండాలి. రెండు చివర్లూ ఉండటం ముఖ్యం, ఎక్కడ పడుకోవాలో అదే తేల్చుకుంటుంది. చలికాలం రాత్రుల్లో మ్యాట్ కావాలి, కానీ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా పెట్టొద్దు, పొట్ట కాలుతుంది. చిత్తూరు తిరుపతి కంటే కాస్త చల్లన, అయినా గది గాలే 35 దాటే రోజులు నీకూ వస్తాయి.

పెట్టె మూడడుగుల పొడవైతే మంచిది. ఒక్కదాన్నే ఉంచు. రెండు మగవి కలిపితే కొరుక్కుంటాయి. ఇసుక వద్దు, తిండితో పాటు మింగితే కడుపులో అడ్డుపడుతుంది. పాత నేలటైల్స్ చాలు. ఒక చిన్న డబ్బాకు రంధ్రం చేసి లోపల తడి గుడ్డ పెట్టు. కుబుసం విడిచేటప్పుడు అందులోకి దూరుతుంది. కుబుసం వేళ్ల చివర్లకు చుట్టుకుని ఉండిపోతే రక్తం ఆగి వేలు పోతుంది, ప్రతిసారీ వేళ్లు చూడు.

తిండి బతికున్న పురుగులే. ఆకులు, పండ్లు, అన్నం ఏదీ తినదు. ఇది ఇంట్లో వాళ్లకు ముందే చెప్పు. నేను మీల్‌వార్మ్స్ అనే పిండిపురుగులను ఒక డబ్బాలో గోధుమపొట్టు వేసి, క్యారెట్ ముక్క పెట్టి పెంచుతాను. క్రికెట్ పురుగులు బెంగళూరు నుంచి తెప్పిస్తాను. వీధిదీపం కింద రాలిన పురుగులను, పొలంలో పురుగులను పెట్టకు, మందు కొట్టి ఉంటారు. మిణుగురులు అయితే విషమే. పురుగుల మీద విటమిన్ డీ3 ఉన్న కాల్షియం పొడి చల్లాలి. అది లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి, తర్వాత సరికావు. పెద్ద గెకోకు వారానికి రెండు మూడు సార్లు పెడితే సరిపోతుంది. తోకలో కొవ్వు దాచుకుంటుంది, తోక లావుగా ఉంటే బాగున్నట్టు. భయపడితే తోక రాలిపోతుంది, కాబట్టి తోక పట్టుకుని ఎత్తొద్దు. మళ్లీ వస్తుంది కానీ ముందరి అందం ఉండదు.

ఎంచుకునేటప్పుడు పిల్లను కాకుండా ఆరు నెలలు దాటినదాన్ని చూడు. కళ్లు రెండూ పూర్తిగా తెరిచి ఉండాలి, వేళ్లన్నీ ఉండాలి, నడిచేటప్పుడు పొట్ట నేలకు రాసుకోకూడదు. నీ ఎదురుగా ఒక పురుగు తినిపించమని అడుగు. జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా ముందే తెలుసుకో. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, సరీసృపాలను చూసే డాక్టర్ ఉన్నారా అని ఇప్పుడే కనుక్కో. జబ్బు పడ్డాక వెతికితే ఆలస్యం అవుతుంది.

అవ్వ సంగతి. మా అవ్వ కూడా బల్లి మీద పడితే దోషమని, ఇంట్లోకి తేవొద్దని నెల రోజులు ఆ గదిలోకి రాలేదు. నేను వాదించలేదు. ఆమె కంచికి వెళ్లినప్పుడల్లా వరదరాజస్వామి గుడిలోని బంగారు బల్లి, వెండి బల్లి బొమ్మలను తాకి వస్తుంది. ఒక సాయంత్రం జొన్న కుండలోంచి తల బయటపెట్టి రెప్పలు ఆర్పడం చూసింది. "ఇది కన్ను మూస్తుందే, మన గోడ బల్లి మూయదే" అంది. తర్వాత నేను ఊళ్లో లేనప్పుడు కుండ తడిపేది ఆమే. నీ అవ్వకు కూడా పెట్టెకు మూత ఉంటుందని, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుగుతావని మాట ఇవ్వు. సాల్మొనెల్లా అనే క్రిమి వీటి మీద ఉండవచ్చు. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే వాళ్ల చేతికి ఇవ్వొద్దు, వంటగదిలో పెట్టె కడగొద్దు.

బాగా చూసుకుంటే పదిహేనేళ్లు, కొన్ని ఇరవై ఏళ్లు బతుకుతాయి. నువ్వు డిగ్రీ రెండో ఏడాది అన్నావు. చదువు, ఉద్యోగం, పెళ్లి, ఊర్లు మారడం, అన్నింటిలో అది నీతో ఉంటుంది. నువ్వు లేనప్పుడు ఎవరు చూస్తారో ఇంట్లో ఒకరిని ఇప్పుడే ఒప్పించు.

గెకో కంటే ముందు థర్మామీటర్ కొను. పెట్టె పెట్టాలనుకునే చోట నేల మీద వారం రోజులు ఉంచి, పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి అంకెలు రాసుకో. అవి ఇక్కడ పెట్టు, ఏ మూల పనికొస్తుందో చూసి చెప్తాను.