బీటెక్ సీటు వదిలి ఇస్లామిక్ స్టడీసా? ఓ తల్లి భయానికి జవాబు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మావారు కువైట్‌లో వెల్డరు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. విశాఖలో బీటెక్ సీఎస్‌ఈ, ఏఐ బ్రాంచిలో సీటొచ్చే ర్యాంకు ఉంది. తనేమో గల్ఫ్ దేశాల చరిత్ర, రాజకీయం, ఇస్లాం, అరబిక్ కలిపి ఉండే డిగ్రీ చదువుతానంటోంది. ‘మనం హిందువులం, మనకెందుకు ఆ చదువు’ అంటున్నారు బంధువులు. ఊళ్లో ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది. రెండిటిలో ఏది మంచిది?

జవాబు: అమ్మా, మీరు ఏది మంచిదని అడిగారు గానీ, మీ ఉత్తరం నిండా ఉన్నది వేరే భయం. పిల్ల మతం మారిపోతుందేమో, రేపు సంబంధాలు రావేమో అని. ఈ భయంతో నా దగ్గరికి వచ్చిన తల్లుల్లో మీరు మొదటివారేం కాదు. ఇది మతం పుచ్చుకునే చదువు కాదు. చమురు ఒక సమాజాన్ని ఎలా మార్చింది, ఇస్లాంలోని రెండు శాఖలైన షియా, సున్నీల తేడా రాజకీయంగా ఎలా మారింది, మన కూలీలు అక్కడికి ఎందుకు వెళ్తారు, ఇలాంటివి అందులో పాఠాలు. దాదాపు వెయ్యేళ్ల కిందట అల్ బిరూనీ అనే ముస్లిం పండితుడు సంస్కృతం నేర్చుకుని, మన శాస్త్రాల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆయన ముస్లింగానే వచ్చాడు, ముస్లింగానే వెళ్లాడు.

‘మనకెందుకు’ అన్న మాట మాత్రం నాకు బాధ కలిగించింది. మీ ఇంట్లో పొయ్యి వెలిగేది కువైట్ డబ్బుతో. ఆ దేశం గురించి తెలుసుకుంటానని పిల్ల అంటే తప్పెలా అవుతుంది? మన శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ సర్కారు, గోల్కొండ కుతుబ్‌షాహీల కింద, తర్వాత నిజాం కింద ఉన్న నేల. మీ పొలం కాగితాల్లో కనిపించే ఫసలీ, తహసీల్దారు, దస్తావేజు, జమాబందీ అన్నీ అరబిక్, పారసీల నుంచి వచ్చిన మాటలే. విజయనగరంలో ఖాదర్ బాబా దర్గాకి వెళ్లే హిందువులు మీ చుట్టాల్లోనే ఉండొచ్చు, అడిగి చూడండి. ‘ఊళ్లో ఏమనుకుంటారో’ అని మీ ఉత్తరంలో రాశారు. అమ్మాయికి ఈ చదువు మీద ఇష్టం ఎందుకు కలిగిందో ఒక్కసారీ రాయలేదు. అసలు అడిగారా?

ఇక ఏఐ బ్రాంచి సంగతి. ఈమధ్య ఏ ఇంట్లో చూసినా ఇదే మాట. నాకు దీని మీద అనుమానాలున్నాయి, దాచను. చాలా కాలేజీల్లో పాత సీఎస్‌ఈ సిలబస్‌కే నాలుగు పేపర్లు కలిపి కొత్త బోర్డు పెట్టారు. చెప్పే మాస్టార్లే ఇంకా నేర్చుకుంటున్న చోట్లున్నాయి. ఆ సబ్జెక్టుకి పునాది లెక్కలు, ముఖ్యంగా సంభావ్యత, మాత్రికలు. వాటి మీద ఇష్టం లేని పిల్లలు సెకండియర్‌కి బ్యాక్‌లాగ్స్ పెట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. పైగా కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే చిన్నచిన్న కోడింగ్ పనుల్లో కొన్నిటిని ఇప్పుడు ఏఐ చేసేస్తోంది. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లకి ఇది మంచి దారే. ర్యాంకొచ్చింది కదా అని మనసు లేని పిల్లని తోస్తే నాలుగేళ్లూ, ఫీజులూ రెండూ పోతాయి.

అమ్మాయి ఎంచుకున్న దారి కూడా తేలికైంది కాదు. అది తనకి చదివి వినిపించండి. బీఏ పట్టా చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు తక్కువ. ఇందులో అన్నం పెట్టేది భాష. అరబిక్ రాకుండా చరిత్ర, రాజకీయం పేపర్లు మాత్రమే రాస్తే చేతికి ఏమీ రాదు. అందుకే కోర్సు పేరు కంటే భాషకి వారానికి ఎన్ని గంటలు ఇస్తారో చూడాలి. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), ఢిల్లీ జేఎన్‌యూలో (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ) అరబిక్ బీఏ ఉంది. ఒక ప్రాంతం చరిత్ర, రాజకీయం కలిపి చదివే ప్రాంతీయ అధ్యయనాలకి జేఎన్‌యూలో, ఢిల్లీలోనే ఉన్న జామియా మిలియా యూనివర్సిటీలో పశ్చిమాసియా కేంద్రాలున్నాయి, అక్కడ పీజీ చేయొచ్చు. ఇస్లామిక్ స్టడీస్‌కి జామియా, అలీగఢ్ పాతవి. హైదరాబాద్ మౌలానా ఆజాద్ యూనివర్సిటీలో బోధన ఉర్దూలో ఉంటుంది, ఉర్దూ రాకుండా చేరితే ఇబ్బంది. బీఏ తర్వాత పీజీ తప్పదనుకోండి, అంటే అయిదేళ్లు. ఇంగ్లిష్ కూడా గట్టిగా ఉండాలి.

ఆ తర్వాత అనువాదం, హైదరాబాద్ ఆసుపత్రులకి వచ్చే అరబ్ రోగులకి దుబాసీ పని (వాళ్ల మాట డాక్టరుకి, డాక్టరు మాట వాళ్లకి చెప్పడం), రాయబార కార్యాలయాలు, కంపెనీలు, పరిశోధన ఉన్నాయి. గల్ఫ్‌లో సుమారు 90 లక్షల మంది మనవాళ్లున్నారు. సివిల్స్ ఆశ ఉంటే ఒకటి గుర్తుంచుకోవాలి. అరబిక్ ఇప్పుడు ఆ పరీక్షలో మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టుల జాబితాలో లేదు, చరిత్రో రాజనీతిశాస్త్రమో తీసుకోవాలి.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను. మొదటి జీతం తొందరగా కావాలంటే బీటెక్‌దే పైచేయి. మీ అమ్మాయి నిజంగా భాష మీద కూర్చోగలిగితే రెండోదానికి భయపడక్కర్లేదు.

అది తేల్చుకోవడానికి ఒక పని చేయండి. మీవారిని ఫోన్లో అడిగి, ఆయన పని ఒప్పందం కాగితంలో అరబిక్ ఉన్న పేజీ ఫొటో తెప్పించండి. అమ్మాయి ఈ నెలంతా అక్షరాలు నేర్చుకుని, అందులో వాళ్ల నాన్న పేరు, జీతం ఎక్కడున్నాయో పట్టుకోవాలి. గల్ఫ్‌లో తగాదా వస్తే చాలా చోట్ల అరబిక్ ప్రతినే ప్రమాణంగా చూస్తారు, కాబట్టి ఆ కాగితం మీకూ అవసరమే. ఈలోగా కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోండి, కానీ పిల్ల పక్కన కూర్చోకుండా ఒక్కటీ పెట్టకండి.