సైకిల్ దిగాక పరుగు సాగడం లేదు, ఏం చేయాలి?

మొదటి ట్రయాథ్లాన్‌కు (ఈత, సైకిల్, పరుగు వరుసగా ఉండే పోటీ) సాధన చేస్తున్నానని, సైకిల్ దిగగానే కాళ్లు బరువెక్కుతున్నాయని అడిగారు. కొత్తవారిలో తరచుగా కనిపించే కారణం బరువైన గేరులో బలవంతంగా తొక్కడం. తేలిక గేరుకు మారి, పెడల్ నిమిషానికి 80 నుంచి 90 సార్లు తిరిగేలా చూసుకోండి. ఎత్తు మొదలయ్యాక కాదు, రాకముందే గేరు మార్చాలి. స్ప్రింట్ అనే తక్కువ దూరపు ట్రయాథ్లాన్‌లో 20 కిలోమీటర్లు తొక్కి, ఆ వెంటనే 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. అందుకే వారానికొకసారి సైకిల్ పక్కన పెట్టీ పెట్టగానే 10 నిమిషాలు పరుగెత్తండి. కాళ్లు ఆ మార్పుకు అలవాటు పడేది అలాగే.

ఖరీదైన చక్రాల గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని నీళ్లు తాగడం, మలుపులోకి వెళ్లకముందే బ్రేకు వేయడం, మలుపులో బయటివైపు పెడల్‌ను కిందికి ఉంచడం ఖాళీ మైదానంలో నేర్చుకోండి. నా దృష్టిలో వేగం కంటే ఇవే ముందు. సీటు ఎత్తు కూడా చూసుకోండి: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి.