బావగారికి వైన్, అక్కకు మల్లెలు

ప్రశ్న: ఆస్ట్రేలియా నుంచి తిరిగొచ్చి విజయవాడ మొగల్రాజపురంలో ఉంటున్న బావగారు ఆదివారం రాత్రి భోజనానికి పిలిచారు. ఆయనకు వైన్ ఇష్టం. నాకేమో ఓనమాలు తెలియవు. 1,500 రూపాయల్లో ఏం తీసుకెళ్లను? అక్క గోంగూర మటన్ చేస్తోంది. వాళ్ల అత్తమామలూ అక్కడే ఉంటారు.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గోంగూర మటన్ అని చెప్పి మంచి పని చేశారు. కానుక అనగానే అందరూ రెడ్ వైన్ కొనేస్తారు. అందులో ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి దిగిన వగరు ఉంటుంది. మన గుంటూరు కారం మీద ఆ వగరు పడితే నోరు ఇంకా మండుతుంది. గోంగూర పక్కన వైన్‌లోనూ కాస్త పులుపుండాలి, లేకపోతే చప్పగా తోస్తుంది. అందుకే కొంచెం తీపి, కొంచెం పులుపు ఉన్న వైట్ వైన్ తీసుకోండి. నాసిక్‌లో తయారయ్యే సులా వాళ్ల షెనిన్ బ్లాంక్ అలాంటిదే. షెనిన్ బ్లాంక్ అంటే ద్రాక్ష రకం పేరు. సులా వాళ్ల ఈ వైన్ పాతబడేకొద్దీ రుచి పెరిగేది కాదు, లేబుల్ మీద ఈమధ్య సంవత్సరమే ఉండేలా చూడండి. తిప్పి తీసే మూత ఉంటే నాసిరకం అనుకోకండి.

అసలు భయం ఎండతోనే. ఒక మే నెలలో మా అన్నయ్య కోసం కొన్న సీసాను కారు డిక్కీలో పెట్టి, మంగళగిరిలో చీరలు చూస్తూ రెండు గంటలు ఆగాం. బెంజ్ సర్కిల్ దాటాక తీసి చూస్తే బిరడా పావంగుళం పైకి లేచింది, మూతి చుట్టూ జిగురు. గ్లాసులో పోస్తే ఉడికిన పళ్ల వాసన. అన్నయ్య ఏమీ అనలేదు కానీ నాకు ప్రాణం ఉసూరుమంది. మీరు మాత్రం ఏసీలో, కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకెళ్లండి. షాపులో ఎండ తగిలే అద్దాల వెనక నిలబెట్టిన సీసా వద్దనండి.

ముందు అక్కకు ఫోన్ చేసి, పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది ఇబ్బందేమోనని అడగండి. పర్వాలేదంటే గుడ్డసంచిలో తీసుకెళ్లి బావగారికి పక్కగా ఇవ్వండి. డైనింగ్ టేబుల్ మీద పెట్టొద్దు. ఆయన ఆ రాత్రి తెరవకపోయినా టెన్షన్ పడకండి. ఇచ్చేశాక అది ఆయనది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడేది మీ అక్క. అత్తమామలకు పళ్లు, ఆవిడకు నాలుగు మూరల మల్లెపూలు కొనండి. గుమ్మంలోకి అడుగుపెట్టగానే ముందు ఆ పూలు అక్క చేతిలో పెట్టి, ఆ తర్వాతే సంచి బయటికి తీయండి.