మెరిసే కోల్టా, రంగు పోయిన ఒరిజినలా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాను. వయసు 47, గ్రీన్‌కార్డు ఉంది. పాత అమెరికన్ రివాల్వర్లంటే ఎప్పటినుంచో ఇష్టం. కలెక్షన్ మొదలుపెడదామని 9,000 డాలర్లు పక్కన పెట్టాను. 1880ల నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్లు రెండు చూశాను. ఒకదానికి మళ్లీ బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా లోహానికి వేసే నీలి నలుపు పూత) చేయించారు, కొత్తదానిలా మెరుస్తోంది, ధర 2,800. రెండోదానికి రంగు చాలావరకు పోయింది, బ్యారెల్ బూడిద రంగుకు తిరిగింది. కానీ అంతా ఒరిజినల్ అంటూ 6,500 చెబుతున్నారు. ఆ డబ్బుకు మెరిసేవే రెండు వస్తాయి కదా అని మా ఆవిడ అంటోంది. పదిహేనేళ్ల తర్వాత రిటైర్మెంట్‌కు ఇవి అక్కరకొస్తాయా? ఏది కొనమంటారు?

జవాబు: ఒరిజినల్ కొనండి, ఒక్కటే కొనండి. కాకపోతే దాన్ని రిటైర్మెంట్ లెక్కలోంచి తీసేయండి. ఈ రెండూ ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ శ్రీమతి గారు అడిగిన ప్రశ్న చాలా సహజమైనది. ఎవరికైనా ముందు ఆ అనుమానమే వస్తుంది.

కోల్ట్ కంపెనీ కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో 1873లో ఈ మోడల్ మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆపేసేలోపు మూడున్నర లక్షలకు పైగా తయారు చేసింది. అంటే రివాల్వర్ అంత అరుదైనదేమీ కాదు. అరుదైనది దాని మీద ఫ్యాక్టరీ వేసిన ఫినిష్, అంటే లోహం పైపూత. ఇవి రోజూ వాడిన తుపాకులు. గుర్రాల మీద, వానలో, చెమటలో తిరిగాయి. చాలావాటికి తర్వాతి యజమానులు నికెల్ పూత వేయించారు, బ్యారెల్ కోయించారు, మళ్లీ బ్లూయింగ్ చేయించారు. మంచి పనివాడు ఉంటే కొత్త బ్లూయింగ్ రేపైనా చేయించుకోవచ్చు. 1880లలో హార్ట్‌ఫర్డ్‌లో వేసిన ఫినిష్ మాత్రం ఒకసారి పోతే మళ్లీ రాదు. మీకు చెప్పిన రెండు ధరల మధ్య 3,700 డాలర్ల తేడా ఉన్నది అందుకే.

అమెరికాలో కలెక్టర్లు ఎక్కువగా పాటించే గ్రేడింగ్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ది. అందులో పాత తుపాకులకు 'ఎక్సలెంట్' అనాలంటే ఒరిజినల్ ఫినిష్ 80 శాతానికి పైగా ఉండాలి. 'ఫైన్' అనాలంటే 30 శాతం దాటాలి. 'వెరీ గుడ్' అనడానికి ఫినిష్ అసలు మిగలకపోయినా ఫరవాలేదు. భాగాలన్నీ ఒరిజినల్‌గా ఉండి, లోహం నున్నగా, అంచులు పదునుగా ఉంటే చాలు. మళ్లీ బ్లూయింగ్ చేసినది దానికంటే కిందనున్న 'గుడ్' అనే మెట్టులోకి వెళ్తుంది. మీరు చూసిన బూడిద రంగు కోల్ట్ ఆ మెరిసేదానికంటే పై మెట్టులో నిలబడగలదు. మామూలు కంటికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. కానీ రేపు మీరు అమ్మబోయే మార్కెట్ ఈ కంటితోనే చూస్తుంది.

అయితే 'అంతా ఒరిజినల్' అన్న మాటకు 6,500 ఇవ్వకండి. వస్తువును చూసి ఇవ్వండి. మళ్లీ బ్లూయింగ్ చేసేముందు బఫింగ్ చక్రం మీద పెట్టి పాత తుప్పును తీసేస్తారు. అప్పుడు అంచులు గుండ్రమవుతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం కొంచెం గుంటపడుతుంది, బ్యారెల్ మీది హార్ట్‌ఫర్డ్ అడ్రసు, ఫ్రేమ్ ఎడమవైపు పేటెంట్ తేదీలు పలచబడతాయి. ఇంకో గుర్తు ఫ్రేమ్ రంగు. ఆ రోజుల్లో బ్లూ ఫినిష్ కోల్ట్‌లకు ఫ్రేమ్ మాత్రం కేస్ హార్డెనింగ్ (వేడి చేసి లోహం పైపొరను గట్టిపరచడం) చేసేవారు, దాని మీద నీలం, గోధుమ, బూడిద రంగులు కలగలిసి మరకల్లా ఉంటాయి. ఫ్రేమ్ కూడా బ్యారెల్‌లాగే ఒకే నల్లని మెరుపుతో ఉంటే చాలావరకు తర్వాత చేయించిన పనే. సీరియల్ నంబరు వేసిన చోట్లన్నీ ఒకే నంబరు ఉందో లేదో భూతద్దంతో చూడండి.

ఆ తర్వాత కోల్ట్ ఆర్కైవ్ లెటర్. ఊళ్లో పొలం కొనేముందు ఈసీ తీయించినట్టే ఇది. ఫీజు కడితే, ఆ సీరియల్ నంబరు రివాల్వర్ ఏ తేదీన ఎవరికి పంపారు, క్యాలిబర్ ఏమిటి, బ్యారెల్ పొడవెంత, ఫినిష్ ఏమిటి అని కంపెనీ పాత రిజిస్టర్ల నుంచి రాసిస్తుంది. లెటర్‌లో నికెల్ అని ఉండి చేతిలో బ్లూ ఉంటే ఇక బేరం లేదు. లెటర్‌లో ఏడున్నర అంగుళాల బ్యారెల్ అని ఉండి మీ దగ్గరున్నది నాలుగుముప్పావు అయితే, ఎవరో కోశారు లేదా మార్చారు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీ నుంచి ఎలా వెళ్లిందో మాత్రమే లెటర్ చెబుతుంది, తర్వాత రీఫినిష్ చేశారా లేదా అన్నది చెప్పదు. అందుకే చూపు, లెటర్ రెండూ కావాలి. వివరాలు సరిపోకపోతే డబ్బు వెనక్కిస్తానని అమ్మేవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. నిజంగా ఒరిజినల్ అయితే ఆయన వెనకాడరు.

ఒక మినహాయింపు ఉంది. సైన్యం దగ్గరున్న అశ్వికదళ కోల్ట్‌లను 1890ల చివర్లో ప్రభుత్వమే వెనక్కి తెప్పించి, బ్యారెల్ ఐదున్నర అంగుళాలకు కోయించి, భాగాలు కలిపి బాగుచేయించింది. వీటినే 'ఆర్టిలరీ మోడల్' అంటారు. వాటి మీద నంబర్లు కలవకపోవడం, ఫినిష్ కొత్తగా ఉండటం చరిత్రలో భాగమే, లోపం కాదు. కానీ మీ 2,800 డాలర్ల కోల్ట్ గురించి రాసినదాంట్లో అలాంటిదేమీ కనబడలేదు.

ఇప్పుడు రిటైర్మెంట్ సంగతి. ఇక్కడ నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే ఇష్టమైన వస్తువు కొనేటప్పుడు 'పెట్టుబడి' అని మనకు మనమే నచ్చజెప్పుకుంటాం. వేలంలో సుత్తి ధర, అంటే చివరి పాట, 10,000 దగ్గర ఆగిందనుకోండి. దానిపైన వేలం సంస్థ కొనేవారి దగ్గర తీసుకునే ప్రీమియం 20 శాతం అనుకుంటే మీరు కట్టేది 12,000. రేపు అమ్మేటప్పుడు సంస్థ 15 శాతం కమీషన్ తీసుకుంటే, ఆ 12,000 మీ చేతికి తిరిగి రావడానికి సుత్తి ధర సుమారు 14,100కు చేరాలి. అంటే 41 శాతం పెరిగితే మీ అసలు మీకొస్తుంది. అది పదేళ్లలో జరగాలన్నా ఏడాదికి మూడున్నర శాతం చొప్పున పెరగాలి. ద్రవ్యోల్బణం ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. మధ్యలో డివిడెండ్ రాదు, వడ్డీ రాదు.

లాభం వచ్చినా పన్ను వేరు. యాంటిక్‌లు అమెరికా పన్ను చట్టంలో 'కలెక్టిబుల్స్' కిందికి వస్తాయి. ఏడాది దాటి ఉంచుకున్నా లాభంపై రేటు గరిష్ఠంగా 28 శాతం వరకు ఉంటుంది. అదే ఇండెక్స్ ఫండ్ అయితే చాలామందికి 15 శాతంతో పోతుంది. సరదాకు ఉంచుకున్న వస్తువుపై నష్టం వస్తే దాన్ని పన్నులో తగ్గించుకోనివ్వరు. ఐఆర్‌ఏ (సొంత రిటైర్మెంట్ ఖాతా) డబ్బుతో కొందామన్న ఆలోచన ఉంటే మానుకోండి, కొన్న రోజే ఆ మొత్తం విత్‌డ్రా చేసినట్టు లెక్కేస్తారు. 401కెలో (ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతా) మీరు వేసేదానికి కంపెనీ జతచేసే మ్యాచ్ పూర్తిగా తీసుకుంటున్నారా, ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉన్నాయా, అన్నది మీరు రాయలేదు. ఈ రెండింటిలో ఏది లేకపోయినా కోల్ట్ ఆగాల్సిందే.

చట్టం గురించి ఒక మాట, ఎందుకంటే ఇది చదివేవారిలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు కూడా ఉంటారు. 1898లోగా తయారైనది ఫెడరల్ చట్టం దృష్టిలో 'యాంటిక్', దాన్ని ఆ చట్టం ఆయుధంగా పరిగణించదు. 1899లో తయారైతే మామూలు ఆయుధమే, హెచ్1బీ వంటి వీసాల మీద ఉన్నవారికి కొద్దిపాటి మినహాయింపులు తప్ప దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి, కాబట్టి వారు లాయర్‌ను అడగకుండా అడుగు వేయకూడదు. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కానీ ఎప్పుడైనా ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే దీన్ని ఇక్కడే అమ్మాల్సి వస్తుందని అనుకోండి.

కొనే ముందు ఒక శనివారం కేటాయించండి. రాక్ ఐలాండ్ ఆక్షన్ కంపెనీ ఇప్పుడు డాలస్, ఫోర్ట్ వర్త్ మధ్య బెడ్‌ఫర్డ్‌లో వేలాలు నిర్వహిస్తోంది. వేలానికి ముందు ప్రివ్యూలో వస్తువులను దగ్గరగా చూడవచ్చు. రీఫినిష్ చేసినవి, ఒరిజినల్‌వి పక్కపక్కన పెట్టి చూస్తే నేను పైన రాసినదంతా మీ కంటికే తెలుస్తుంది. శ్రీమతి గారిని కూడా తీసుకెళ్లండి. పాత వేలాల్లో పలికిన ధరలు వారి సైట్‌లో చూసుకుని, ఆ 6,500 మీద బేరమాడండి.

కొన్నాక దాన్ని పాలిష్ చేయకండి. ఆ బూడిద రంగు కోసమే మీరు అదనంగా డబ్బిచ్చారు. తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు తేమను పట్టి లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. పలచగా నూనె రాసి, సిలికా జెల్‌తో, తాళం వేసిన సేఫ్‌లో ఉంచండి. బిల్లు, లెటర్, ఫొటోలు వేరేచోట దాచండి. పన్ను లెక్కకు మీ కొనుగోలు ధర అదే రుజువు.

మీ 9,000లో మిగిలే 2,500తో రెండో తుపాకీ కొనకండి. అందులోంచి లెటర్ ఫీజు, సేఫ్ ఖర్చు పోనివ్వండి. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి, చాలా పాలసీల్లో దొంగతనానికి గురైన తుపాకులన్నింటికీ కలిపి 2,500 డాలర్లే పరిమితి. మీ ఏజెంటుకు ఫోన్ చేసి ఈ ఒక్క కోల్ట్‌ను విడిగా షెడ్యూల్ చేయించండి, అంటే పాలసీలో దాని పేరుతో, విలువతో విడిగా రాయించండి. ఇంకా మిగిలినది సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లాలి.