పుత్తూరులో మిద్దె మీద గాలిమర, సోలార్ కలిపి పెట్టొచ్చా? ముందు ఏడాది కరెంటు బిల్లులు తీయండి

మీరు అడిగింది ఇదీ: పుత్తూరులో సొంత మిద్దె ఇల్లు. నెలకు సగటున 300 యూనిట్లు కాలుతుంది, ఎండాకాలంలో 400 దాటుతుంది. ఒక కంపెనీ వాళ్లు వచ్చి ఒక కిలోవాట్ గాలిమర, రెండు కిలోవాట్ల సోలార్, బ్యాటరీలు అన్నీ కలిపి నాలుగున్నర లక్షలకు హైబ్రిడ్ కిట్ పెడతామన్నారు. గిట్టుబాటు అవుతుందా అని.

సోలార్ గిట్టుతుంది. గాలిమర గిట్టదు. బ్యాటరీ కావాలా వద్దా అన్నది మీ వీధిలో కరెంటు ఎంతసేపు పోతుందో దాన్ని బట్టి ఉంటుంది. నేను తిరుపతిలో ఉంటాను. మా మిద్దె మీద 2024 నుంచి మూడు కిలోవాట్ల సోలార్ నడుస్తోంది. గాలిమరను పలమనేరు వైపు మా బావమరిది ఇంట్లో దగ్గర నుంచి చూశాను.

గాలిమర సంగతి ముందు తేల్చేద్దాం. మీకు చెప్పిన రేటు అంత పెరగడానికి కారణం అదీ, దాంతో అంటగట్టే బ్యాటరీలూ.

గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వేగం సగానికి పడిపోతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చిన్న గాలిమరల మీద ‘ఒక కిలోవాట్’ అని రాసి ఉంటుంది చూడండి, అది మామూలుగా సెకనుకు 11, 12 మీటర్ల గాలి వీచినప్పటి మాట. అంటే గంటకు 40 కిలోమీటర్లు. అంత గాలి వీస్తే వీధిలో ఫ్లెక్సీలు చిరుగుతాయి, మిద్దె మీద ఆరేసిన బట్టలు పక్కింట్లో వెతుక్కోవాలి. ఏడాదిలో అలాంటి గంటలు మన ఊళ్లలో ఎన్ని ఉంటాయో మీరే చెప్పండి.

రెండున్నర మీటర్ల వ్యాసం ఉన్న రెక్కలు అనుకుని లెక్క వేస్తే, సెకనుకు 3 మీటర్ల గాలికి చేతికొచ్చేది 20, 25 వాట్లు. ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు వెలుగుతుంది. 6 మీటర్ల గాలికి 190 వాట్ల దాకా వస్తుంది. ఎంత గొప్ప గాలిమరైనా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి లాగలేదు, దాన్ని బెట్జ్ పరిమితి అంటారు. ఇళ్ల మీద పెట్టే చిన్నవి అందులో సగం అందుకుంటే చాలా మేలు. సగటున సెకనుకు 3 మీటర్ల గాలి ఉన్న చోట కూడా రోజుకు ఒక యూనిట్ అటూ ఇటూగా వస్తుంది. అదే ఒక కిలోవాట్ సోలార్ అయితే మన వైపు రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది, అదీ ఎంతో తక్కువ ఖర్చుతో.

మా ఇంటి మీద ఆ 3 మీటర్ల సగటు కూడా లేదు. మా అక్క కొడుకు ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం గాలి వేగం కొలిచే అనెమోమీటర్ తెచ్చుకుంటే, అదే చేత్తో మా మిద్దె మీద కూడా పెట్టి చూశాం. పొద్దున పూట దాదాపు సున్నా. మధ్యాహ్నం తర్వాత ఒకటిన్నర, రెండు. ఆషాఢ గాలులప్పుడు సాయంత్రాలు నాలుగు దాకా ఎగిసేది, మళ్లీ పడిపోయేది. కొనేముందు మీరూ ఇలా చూసుకోవచ్చు. గ్లోబల్ విండ్ అట్లాస్ ఇంటర్నెట్‌లో ఉచితం. మీ ఊరి మీద నొక్కి, 10 మీటర్ల ఎత్తులో సగటు ఎంతుందో చూడండి. అమ్మేవాళ్లు చూపించేది 100 మీటర్ల ఎత్తులో లెక్క, అది మన మిద్దెకు పనికిరాదు.

తిరుమలలో కాకులకొండ మీద పెద్ద గాలిమరలు తిరుగుతున్నాయి కదా అంటారు. మీ కంపెనీ వాళ్లూ ఆ మాట అనే ఉంటారు. ఆ కొండ సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైన ఉంది, దాని నెత్తిన మళ్లీ పొడుగాటి టవర్లు. కొండ మీద గాలి వేరు, కొండ కింద ఊళ్లో గాలి వేరు. అనంతపురం వైపు రామగిరి లాంటి చోట్ల గాలిమరలు వరసగా నిలబెట్టారంటే, ఆ గుట్టల మీద గాలి కొలిచి, బాగుందని తేలాకే. మన మిద్దెకు చుట్టూ ఏముంటుంది? పక్కింటి మూడో అంతస్తు, వాటర్ ట్యాంకు, కొబ్బరి చెట్టు, సెల్ టవర్. వీటిని దాటి వచ్చే గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. అందుకే 150 మీటర్ల లోపల ఉన్న అన్నిటికంటే రెక్కలు కనీసం 9 మీటర్లు పైన ఉండాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే లెక్క. మిద్దె మీద రెండు మీటర్ల పైపు పాతి దాని మీద పెట్టేది ఆ లెక్కకు ఎక్కడా అందదు.

మా బావమరిది ఇంట్లో అదే జరిగింది. రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. తిరగడం వేరు, కరెంటు రావడం వేరు. కంట్రోలర్ మీద చూస్తే ఎక్కువసేపు పది వాట్ల లోపే. గాలి గట్టిగా వీచిన రాత్రి మాత్రం ఆ పైపు అదురు స్లాబులోకి దిగి, కింద పడుకున్న మా అత్తమ్మకు నిద్ర లేదు. చివరికి విప్పి గోడకు ఆనించారు. పుత్తూరు వాళ్లు మీకు చెప్పాలా, అది ఎవరి మీదైనా పడి ఉంటే విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోవడానికి నేరుగా మీ ఊరికే రావాల్సింది.

కొండ మీదో, గుట్ట అంచునో, చుట్టూ ఏ అడ్డూ లేని చోట ఇల్లు ఉండి, అక్కడికి కరెంటు లైనే రాకపోతే గాలిమర గురించి ఆలోచించొచ్చు. వానాకాలంలో ఎండ తగ్గినప్పుడు గాలి ఆదుకుంటుంది, అది నిజమే. అక్కడ కూడా ఆ డబ్బుకు ఇంకో నాలుగు ప్యానెళ్లు వేసుకుంటే ఎంత వస్తుందో ముందు లెక్క చూసుకోండి. పైగా ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకంలో గాలిమరకు ఒక్క రూపాయి సబ్సిడీ లేదు.

ఇప్పుడు సోలార్. ఎండ అందరికీ ఒకటే. ఎవరికి ఎంత గిట్టుతుందో తేల్చేది మాత్రం మీ బిల్లు. మన రాష్ట్రంలో 2022 ఆగస్టు నుంచి ఇళ్ల కరెంటు రేట్ల స్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఏ స్లాబు యూనిట్లకు ఆ స్లాబు రేటే పడుతుంది. సోలార్ పెట్టినప్పుడు ముందు తెగేది పైనున్న ఖరీదైన యూనిట్లు, చవకవి కావు. నెలకు 125 యూనిట్లు వాడే ఇంట్లో ఎనర్జీ ఛార్జీ, అంటే వాడిన యూనిట్లకు పడేది, అంతా కలిపి 417 రూపాయలే. వాళ్లు ఎండ ఊరికే వస్తోందని సోలార్ పెట్టుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. 400 యూనిట్ల ఇంటికి అదే ఛార్జీ 2,548. వాళ్లు ఆలోచించాల్సిన పనే లేదు.

మీ 300 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 1,673 రూపాయలు. రెండు కిలోవాట్లు పెడితే నెలకు సుమారు 240 యూనిట్లు వస్తాయి, మిగిలిన 60 యూనిట్లకు 147 రూపాయలు కడతారు. అంటే నెలకు 1,500 పైచిలుకు మిగులుతుంది. ఈమధ్య మా వైపు కిలోవాట్‌కు 60, 70 వేలు చెబుతున్నారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి పాత కొటేషన్‌తో ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. రెండు కిలోవాట్లకు 1.40 లక్షలు అనుకుంటే 60 వేలు సబ్సిడీ పోను మీ చేతినుంచి 80 వేలు. నాలుగున్నరేళ్లలో వచ్చేస్తుంది. ప్యానెళ్ల వారంటీ మామూలుగా 25 ఏళ్లు. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ అంతకాలం రాదు, మధ్యలో ఒకసారి మార్చాలని మనసులో ఉంచుకోండి.

మూడో కిలోవాట్ దగ్గరే అందరూ తొందరపడతారు. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడో దానికి 18 వేలే. మొత్తం 78 వేలతో ఆగిపోతుంది, ఐదు కిలోవాట్లు పెట్టినా అంతే. ఆ మూడో కిలోవాట్‌కు మీ చేతినుంచి 40 వేలకు పైగా పడుతుంది, మామూలు నెలల్లో అది కోసేది ఆ 147 రూపాయలే. ఎండాకాలపు నాలుగు నెలలు మాత్రం నెలకు ఆరేడు వందలు ఆదా చేస్తుంది. వాడగా మిగిలి గ్రిడ్‌లోకి పోయే యూనిట్లకు మీరు పై స్లాబులో కొనే రేటు రాదు. అందుకని రెండో ఏసీయో, ఎలక్ట్రిక్ స్కూటరో కొనే ఆలోచన ఉంటేనే మూడు. మా ఇంట్లో స్కూటర్ ఉంది, పైన అద్దె వాటా మీటరు కూడా మాదే, అందుకే మూడు పెట్టాం. మీకు రెండు చాలేమో అనిపిస్తోంది.

గీజరే మీ బిల్లు తింటుంటే దాని కోసం ప్యానెళ్లు పెంచకండి, సోలార్ వాటర్ హీటర్ చవక. ఎండను కరెంటుగా మార్చి మళ్లీ వేడి చేయడం దండగ. తిరుమలలో 2002లో అన్నదానం వంటలకు 106 డిష్‌లతో పెట్టిన సోలార్ ఏర్పాటు కూడా అంతే: ఎండతో ఆవిరి, ఆవిరితో వంట, మధ్యలో కరెంటు జోలి లేదు.

బ్యాటరీ గురించి. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా బయటి కరెంటు లైనుకు కలిపినది, ఉన్న ఇంట్లో కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది, నడినెత్తిన ఎండ ఉన్నా సరే. లైన్ మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు మన మిద్దె నుంచి షాక్ కొట్టకూడదని ఇన్వర్టరే ఆపేసుకుంటుంది. ఇది అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు, పెట్టాక మొదటిసారి కరెంటు పోయిన రోజు ఇంట్లో గొడవ. మా వీధిలో పోతే అరగంట, గంట. పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది, దాంతోనే ఫ్యాన్లు, లైట్లు నడుస్తాయి. మీకూ అంతే అయితే కొత్త బ్యాటరీలకు లక్షలు పోయడం వద్దు. రోజూ గంటల తరబడి పోతుంటే మాత్రం గ్రిడ్‌కూ, బ్యాటరీకీ కలిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ అడగండి. గ్రిడ్‌తో సంబంధం లేకుండా బ్యాటరీలతోనే నడిచే సెట్‌కు సబ్సిడీ రాదు. మీకు చెప్పిన కిట్ ఏ రకమో కాగితం మీద రాయించుకోండి.

అలాగే సబ్సిడీకి డీసీఆర్ ప్యానెళ్లే ఉండాలి, అంటే సెల్స్ కూడా మన దేశంలో తయారైనవి. అవి కాస్త ఖరీదు. తక్కువ కొటేషన్‌లో వేరే ప్యానెళ్లు పెట్టి, ‘సబ్సిడీ మేం తెప్పిస్తాం సార్’ అనేవాళ్లు ఉన్నారు. దరఖాస్తు సూర్య ఘర్ జాతీయ పోర్టల్‌లో మీ సర్వీస్ నంబరుతో మీరే పెట్టుకోవచ్చు. మీటరు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించండి, సబ్సిడీ దగ్గర అదో టెన్షన్. మీటరు మార్చి, మీరు వాడేవీ గ్రిడ్‌లోకి పంపేవీ రెండూ లెక్కపెట్టే నెట్ మీటర్ బిగించాక, సబ్సిడీ నేరుగా మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది.

ఎండ ఎక్కువ కాబట్టి మే నెలలో ఎక్కువ వస్తుందనుకోకండి. ప్యానెల్ వేడెక్కితే దిగుబడి తగ్గుతుంది, 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 13, 14 శాతం అలాగే పోతుంది. మాకు బాగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. కార్తీకంలో ముసురు పట్టిన రోజుల్లో మూడు కిలోవాట్లు కలిసి రెండు, మూడు యూనిట్లు ఇచ్చిన సందర్భాలున్నాయి.

ప్యానెళ్లు దక్షిణం వైపు, 13, 14 డిగ్రీల వాలుతో ఉండాలి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా వాటి మీద ట్యాంకు నీడా, మెట్లగది నీడా పడకూడదు. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా వరస మొత్తం దెబ్బతినొచ్చు. కడగడానికి బోరు నీళ్లు వాడితే ఆరాక తెల్లటి ఉప్పు పొర కడుతుంది, ఆర్వో మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లు ఇంకా అన్యాయం. మేం మునిసిపల్ నీళ్లతో తెల్లవారుజామున, అద్దం వేడెక్కకముందే కడుగుతాం. కేబుల్ మొత్తం పైపులో వేయించండి. మీ వైపు సంగతి తెలియదు గానీ, కపిలతీర్థం వైపు కోతులు వేలాడే వైరును వదలవు.

కింద నీడ వస్తుందని ఎత్తైన స్ట్రక్చర్ అడుగుతారు చాలామంది. వేయించుకోండి, కానీ కాళ్లు పిల్లర్ల మీదకో, బీముల మీదకో వచ్చేలా బోల్టులు వేయమనండి. 2021 నవంబరులో తిరుపతి మునిగిన వానలు మనం చూశాం, తుపాను గాలికి ప్యానెల్ రెక్కలా లేస్తుంది. సిమెంటు దిమ్మెల మీద ఊరికే కూర్చోబెట్టే పని ఒప్పుకోవద్దు.

చివరలో మామిడి తోట గురించి కూడా అడిగారు. బోరు మోటారుకు వ్యవసాయ సర్వీసు ఉంటే కరెంటు ఉచితం, పగటిపూట తొమ్మిది గంటలు. దానికి సోలార్ పెట్టి ఆదా చేసేది ఏమీ లేదు. లైను రాని తోటైతే లెక్క వేరు, అది విడిగా అడగండి.

గత 12 నెలల బిల్లుల్లోని యూనిట్లు, శాంక్షన్ లోడు, మిద్దె మీద నీడ పడని చోటు ఎన్ని చదరపు అడుగులుందో ఇక్కడ రాయండి. కిలోవాట్‌కు వంద అడుగులు కావాలి. రెండా, మూడా అన్నది నెల నెలకు లెక్క వేసి చెబుతాను. ఈలోగా ఆ హైబ్రిడ్ కిట్‌కు మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.