‘మెంటర్‌గా ఉంటారా?’ అని అడగకు

ప్రశ్న: సార్, మాది కాకినాడ. బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఇలస్ట్రేటర్ కావాలని కోరిక. మా బంధువుల్లో ఈ రంగంలో ఎవరూ లేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో పేరున్న పదిహేను మంది ఆర్టిస్టులకు మెసేజ్ పెట్టాను, ఒక్కరూ జవాబివ్వలేదు. నెట్‌వర్కింగ్ చేయాలంటున్నారు. నాకైతే అది కాకా పట్టడంలా అనిపిస్తోంది. ఎవరూ తెలియకపోతే ఇక అంతేనా? (మెసేజ్ కాపీ, మూడు బొమ్మలు పంపుతున్నాను.)

జవాబు: ముందు ఆ మెసేజ్ సంగతి చూద్దాం. ‘నమస్తే మేడమ్, మీ బొమ్మలంటే చాలా ఇష్టం. నాకు మెంటర్‌గా ఉండి గైడ్ చేయగలరా?’ అని రాశావు. ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అందుకున్నావిడ వైపు నుంచి ఆలోచించు. పుస్తకం గడువు నెత్తిమీద ఉంటుంది. ముక్కూముఖం తెలియని అమ్మాయి గైడ్ చేయమంటోంది. ఎన్నాళ్లు చేయాలి? ఏం నేర్పాలి? సరే అంటే ఎంత బరువు మీద పడుతుందో తెలియదు. అందుకే చూసి వదిలేస్తారు. పెళ్లిచూపులైనా కాకుండా ముహూర్తం పెట్టించుకుందామా అన్నట్టుంది మరి.

ఇప్పుడు ఇదే మెసేజ్ ఇలా వెళ్లిందనుకో: ‘మేడమ్, మీ పుస్తకంలో వాన బొమ్మ రెండు పేజీల మీద పరుచుకుని ఉంది. నానమ్మ గొడుగు పేజీల మధ్య మడతలో పడకుండా ఎడమవైపుకి జరిపారు. నేను వేసిన సంత బొమ్మలో గాజులమ్మి ముఖం సరిగ్గా ఆ మడతలోకే పోయింది, బొమ్మ జతచేశాను. మీరు రఫ్ వేసేటప్పుడే మడత గీత గీసుకుంటారా, తర్వాత సర్దుతారా?’

దీనికి జవాబు రాయడానికి రెండు నిమిషాలు చాలు. పైగా తన బొమ్మను ఇంత శ్రద్ధగా చూసిన మనిషికి జవాబివ్వాలని ఏ ఆర్టిస్టుకైనా అనిపిస్తుంది. అందరూ ఇస్తారని చెప్పను. పదిమందిలో ఒకరిద్దరు ఇచ్చినా గొప్పే.

అసలు పని ఆ జవాబు వచ్చాక ఉంటుంది. చాలామంది ‘థ్యాంక్యూ మేడమ్’ అని రెండు దండాలు పెట్టి మాయమైపోతారు. నువ్వు మాత్రం ఆవిడ చెప్పినట్టు బొమ్మ తిరగవేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రెండు మూడు వారాల్లో పంపు. అప్పుడు ఇంకేమీ అడగకు. కొన్నాళ్లకు మరో బొమ్మ, మరో చిన్న ప్రశ్న. అలా మూడోసారి వెళ్లేసరికి నీ పేరు ఆవిడకు గుర్తుంటుంది. నేను చూసినంతలో మెంటర్ అయ్యేది ఇలాగే. నాకు పని నేర్పిన పెద్దాయన్ని ఆరేళ్లలో ఒక్కసారి కూడా నేను గురువుగారూ అని పిలవలేదు, ఆయనా శిష్యుడని చెప్పుకోలేదు.

ఇక ‘ఎవరూ తెలియదు’ అన్న బెంగ. డిగ్రీ అయిన కొత్తలో నేను మా మామయ్య స్నేహితుడి ఉత్తరం పట్టుకుని ఒక ప్రకటనల సంస్థకు వెళ్లాను. ప్రకటనలకు మాటలు రాసే కాపీరైటర్ ఉద్యోగం కోసం. ఉత్తరం చదివి కాఫీ తెప్పించారు. ‘ఏదీ, రాసినవి చూపించు’ అన్నారు. నా ఫైల్లో డిగ్రీ సర్టిఫికెట్ తప్ప ఏమీ లేదు. కాఫీ తాగి వచ్చేశాను.

మీకు దగ్గర్లోనే, రాజమండ్రిలో, వందేళ్ల కిందటి కథ ఒకటి ఉంది. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఇంగ్లిష్ దొర, స్వయంగా బొమ్మలు వేసేవాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు లాంటి కుర్రాళ్లలో కళను గుర్తుపట్టి చేరదీశాడు. దామెర్ల బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరడం వెనక ఉన్నది ఆయనే. మెంటర్ అనగానే అందరూ కూల్డ్రేనే తలుచుకుంటారు. నాకు మాత్రం వరదా వెంకటరత్నం ముందు గుర్తొస్తాడు. దామెర్ల స్నేహితుడు, తనూ చిత్రకారుడే. 1925లో దామెర్ల 28 ఏళ్లు నిండకుండానే పోతే, రాజమండ్రిలో ఆయన మొదలుపెట్టిన చిత్రకళాశాలను నడిపించింది వెంకటరత్నమే. దామెర్ల పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఇప్పటికీ అక్కడ ఉంది. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లు, స్కెచ్‌బుక్ మర్చిపోకు.

నువ్వు పైకి మాత్రమే చూస్తున్నావు. పక్కకి కూడా చూడు. వైజాగ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులున్నారు, మీ ఊళ్లోనే డ్రాయింగ్ మాస్టార్లు, బోర్డులు రాసే ఆర్టిస్టులు ఉన్నారు. నీలాగే మొదలుపెడుతున్న నలుగురు కలిసి వారానికి ఒక బొమ్మ వేసి మొహమాటం లేకుండా తప్పులు చెప్పుకోండి. పదేళ్ల తర్వాత వాళ్లలో ఒకరు ఏదో ప్రచురణ సంస్థలో బొమ్మలు ఎంపిక చేసే సీట్లో ఉంటారు. ఎవరు డబ్బు ఎగ్గొడతారో, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదో చెప్పేదీ వాళ్లే. ఉదాహరణకు, హక్కులు రాసిచ్చే కాగితంలో ఎన్నేళ్లకో లేకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది 5 ఏళ్లకే చెల్లుతుంది. ఈ ముక్క తెలియని సీనియర్లు కూడా ఉన్నారు.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లు. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, కాలు పెట్టడానికి సందుండదు. మామూలు రోజు మధ్యాహ్నం స్టాల్లో ఉన్నవాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. పిల్లల పుస్తకాలు తీసి, బొమ్మలు ఎవరివో, డిజైన్ ఎవరిదో లోపలి పేజీలో చూసి రాసుకో. నీ బొమ్మలు ఫోన్లో చూపించకు, మధ్యలో మీ అక్క పెళ్లి ఫొటోలు వస్తాయి. పన్నెండు పేజీల చిన్న పుస్తకం కలర్ జిరాక్స్ తీసి, వెనక అట్ట మీద పేరూ ఈమెయిలూ వేసి ఒకటి చేతిలో పెట్టు. కథ కోసం వెతుక్కోనక్కర్లేదు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, రాసినవారి పేరు వేసి వాడుకోవచ్చు. వంద విడి బొమ్మలకన్నా, మొదటి పేజీలోని పాప పన్నెండో పేజీలో కూడా అదే పాపలా ఉందా అన్నదే ప్రచురణకర్త చూస్తాడు.

కాకా పట్టడం మాటకొస్తే, పని గురించి పనిచేసేవాళ్లను అడగడం కాకా ఎలా అవుతుంది? నచ్చని బొమ్మను కూడా ఆహా అంటే అప్పుడది కాకా. ఫీజు కడితే మెంటర్ అవుతాం, అవకాశాలు ఇప్పిస్తాం అనేవాళ్లకు దూరంగా ఉండు. ఎవరినైనా కలవాల్సి వస్తే నలుగురు తిరిగే చోటే కలువు, ఇంట్లో చెప్పి వెళ్లు. బీకాం పూర్తిచెయ్యి. ఇన్‌వాయిస్ సరిగా రాయగల ఆర్టిస్టులు ఈ రంగంలో తక్కువే.

నువ్వు పంపిన మూడింటిలో సంత బొమ్మే బాగుంది. గాజులమ్మిని ఎడమవైపుకి జరిపి, ఆ ఖాళీలో చింతచెట్టు నీడ పెట్టి చూడు. అది పూర్తయ్యాకే ఎవరికైనా మెసేజ్ పెట్టు.